పొల్లాచ్చి బస్సు నుంచి టర్బో కారు దాకా

ఈనాటి ప్రసంగ విషయం కారులోని ఒక చిన్న పరికరం: పెట్రోలు పంపు. దీనికీ మన పొల్లాచ్చికీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. ఉంది, వినండి.

1920లో జి.డి. నాయుడుగారు తమ మొదటి బస్సును పొల్లాచ్చికీ పళనికీ మధ్య నడిపారు. డ్రైవరూ ఆయనే. 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. ఆ రోజుల్లో చాలా మోటార్లకు పెట్రోలు పంపే ఉండేది కాదు. ట్యాంకు మెరకలో, కార్బురేటరు పల్లంలో ఉండేవి. కాలువ నీరు పల్లానికి పారినట్టు పెట్రోలు దానంతటదే దిగేది. ఫోర్డు 'టి' మోడల్ కారు ట్యాంకులో పెట్రోలు అడుగంటి ఉన్నప్పుడు నిట్ట ఎత్తు ఎక్కాలంటే, డ్రైవర్లు బండిని వెనక్కు తిప్పి రివర్సులో ఎక్కించేవారు!

1920ల చివరికి ఇంజినే నడిపే డయాఫ్రం పంపులు వచ్చాయి. కార్బురేటరుకు కొద్దిపాటి ఒత్తిడి చాలు. ఆ తరువాత ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. అప్పుడు పంపు ట్యాంకులోకే దిగి కరెంటుతో నడిచే మోటారయింది. దాని ఒత్తిడి సుమారు 3 బార్లు, అంటే కారు టైరులోని గాలి ఒత్తిడికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఇక టర్బో సంగతి. 1905లోనే స్విట్జర్లాండు ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూకి దీనికి పేటెంటు పొందారు. వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఇంజిన్‌లోకి మరింత గాలిని నెట్టడమే దీని కిటుకు. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. వంద గుర్రాల బలమున్న మామూలు ఇంజిన్ పూర్తి వేగంలో గంటకు సుమారు 30 లీటర్లు తాగితే, రెండు వందల గుర్రాల టర్బో ఇంజిన్‌కు 70 లీటర్లకు పైగా కావాలి. బలం రెట్టింపయితే దాహం రెట్టింపును మించుతుందన్నమాట. వేడిని అదుపులో ఉంచడానికి పెట్రోలు కొంచెం ఎక్కువగానే పొయ్యాలి మరి.

ఇక్కడ మన రైతులకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. బావిలో నీటిమట్టం దిగేకొద్దీ అదే మోటారు తక్కువ నీరు పోస్తుంది. పెట్రోలు పంపూ అంతే. టర్బో గాలి ఒత్తిడి పెంచితే పంపు ఆ ఒత్తిడిని కూడా ఎదిరించి నెట్టాలి. ఎక్కువ పెట్రోలు కావలసిన సమయానికే దాని ధార సన్నబడుతుంది. అప్పుడు మంట తీరు తప్పి, ఇంజిన్ లోపల టకటకమని కొట్టుకుంటుంది. క్షణాల్లో పిస్టన్‌కు చిల్లు పడవచ్చు.

అందుకే పెద్ద పంపు వేస్తారు. కానీ పంపు ఒక్కటీ మారిస్తే చాలదు. దానికి తగిన లావు వైరు, రిలే, ఫ్యూజు కావాలి. ఇంజెక్టర్లు, కంప్యూటరు లెక్కలు సరిచూడాలి. పెట్రోలు గొట్టం ఒక్కచోట కారినా బండి నిప్పుల పాలవుతుంది.

కోయంబత్తూరుకు ఈ విద్య కొత్త కాదు. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలైన తరువాత మోటార్లు, పంపుసెట్లు ఇక్కడి పరిశ్రమ అయ్యాయి. ఎస్. కరివర్ధన్ మారుతీ ఇంజిన్‌తో రేసు కార్లు తయారుచేశారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. చెట్టిపాళయంలోని రేసు బాటకు ఆయన పేరే పెట్టారు. 2005లో మన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో పోటీచేసిన తొలి భారతీయుడయ్యారు.

యువ శ్రోతలారా, మీకు వేగం మీద మోజు ఉండడం తప్పు కాదు. అయితే 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను బండిని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. వాల్పారై ఘాటులోని నలభై మలుపులు రేసు బాట కాదు. ఎదురుగా వచ్చేది మీ ఊరి బస్సే కావచ్చు. నాయుడుగారు ఆ తొలి బస్సులో ప్రయాణికులను క్షేమంగా చేర్చారు కనుకనే తరువాత ఎన్నో బస్సులు నడపగలిగారు. ఒక భాగం బలం పెంచే ముందు, తక్కిన భాగాలు ఆ బలాన్ని మోయగలవా అని చూసుకోండి. సెలవు.