గుగులోతు సౌమ్య

గుగులోతు సౌమ్య భారతదేశపు ఫుట్‌బాల్ క్రీడాకారిణి. ఈమె తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదు జిల్లాకు చెందినది. ఫార్వర్డు స్థానంలో, ముఖ్యంగా మైదానపు అంచుల వెంబడి దూసుకువెళ్ళి దాడి చేసే క్రీడాకారిణిగా పేరు పొందింది. గోకులం కేరళ, క్రొయేషియా దేశానికి చెందిన డైనమో జాగ్రెబ్, కోల్‌కతాకు చెందిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బులకు, భారత జాతీయ జట్టుకు ప్రాతినిధ్యం వహించింది. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటించిన ఉత్తమ మహిళా క్రీడాకారిణి పురస్కారం ఈమెకు లభించింది. ఈమె పేరు తెచ్చుకున్న క్లబ్బులన్నీ తెలుగు రాష్ట్రాలకు వెలుపలివే కావడం గమనార్హం.

నేపథ్యం

సౌమ్య నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టి పెరిగింది. గుగులోతు అనేది తెలంగాణలోని లంబాడా కుటుంబాలలో కనిపించే ఇంటిపేరు. క్రీడలలో, సాహసాలలో పేరు తెచ్చుకున్న మహిళలకు నిజామాబాదు జిల్లా ప్రసిద్ధి చెందింది. 2014 మే నెలలో, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన మాలావత్ పూర్ణ, 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ ఈ జిల్లా వారే. అయితే పర్వతారోహణ, బాక్సింగులలో ఒక వ్యక్తి ప్రతిభ చాలావరకు తానే దారి చేసుకోగలదు. ఫుట్‌బాల్‌లో క్రీడాకారిణికి ఎంత ప్రతిభ ఉన్నా జట్టు, క్లబ్బు, ఏటా జరిగే లీగు ఉంటేనే అది వెలుగులోకి వస్తుంది.

హైదరాబాదు ఫుట్‌బాల్ వారసత్వం

పురుషుల ఫుట్‌బాల్‌లో హైదరాబాదుకు ఘనమైన చరిత్ర ఉన్నది. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాన్ని సాధించింది. జకార్తా జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు ప్రాంతం వాడు. కోఠి, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలకు సమీపంలో ఉన్న ఫతే మైదానం (లాల్ బహదూర్ స్టేడియం) ఆ కాలపు హైదరాబాదు క్రీడారంగంతో ముడిపడిన పేరు.

ఈ వారసత్వం బాలికల వరకు చేరలేదు. ఇండియన్ ఉమెన్స్ లీగు 2023-24, 2024-25 పోటీలలో ప్రథమ శ్రేణిలో ఆడిన జట్లలో తెలంగాణకు గాని, ఆంధ్ర ప్రదేశ్‌కు గాని చెందిన క్లబ్బు ఒక్కటి కూడా లేదు. అందువలన ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకున్న తెలుగు అమ్మాయి ముందుగా సొంత రాష్ట్రాన్ని విడిచి వెళ్ళవలసి వస్తుంది. సౌమ్య క్రీడా జీవితం ఇందుకు ఉదాహరణ.

క్లబ్బు జీవితం

మహిళల కోసం జాతీయ స్థాయి లీగు భారతదేశంలో 2016-17లో మొదలైంది. తొలి సంవత్సరాలలో జట్లన్నీ ఒకే చోట చేరి, కొద్ది వారాలలో పోటీలు ముగించేవి. సంవత్సరంలో మిగిలిన కాలమంతా క్రీడాకారిణులకు మ్యాచులు ఉండేవి కావు. సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో మరొకసారి ఆడే పద్ధతి 2023-24 నుండి అమలులోకి వచ్చింది. సౌమ్య ఈ రెండు దశలనూ చూసిన తరానికి చెందినది.

గోకులం కేరళ: కేరళకు చెందిన ఈ క్లబ్బు 2019-20, 2021-22, 2022-23 సంవత్సరాలలో లీగు విజేతగా నిలిచింది. సౌమ్యకు జాతీయ స్థాయిలో గుర్తింపు తెచ్చిన క్లబ్బులలో ఇది ముఖ్యమైనది. 2022 ఆగస్టులో ఆసియా క్లబ్బుల పోటీ కోసం గోకులం జట్టు ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంటుకు చేరుకున్న సమయంలోనే, సమాఖ్య నిర్వహణలో బయటివారి జోక్యం కారణంగా భారత సమాఖ్యను ఫిఫా సస్పెండు చేసింది. దానితో జట్టు ఒక్క మ్యాచు కూడా ఆడకుండా తిరిగి రావలసి వచ్చింది. ఆ నెలాఖరులో సస్పెన్షన్ తొలగిపోయింది.

డైనమో జాగ్రెబ్: 2022లోనే సౌమ్య, గోకులంలో సహ క్రీడాకారిణి అయిన జ్యోతి చౌహాన్ క్రొయేషియా రాజధానిలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరారు. అంతకు ముందు అదితి చౌహాన్ ఇంగ్లాండులో వెస్ట్ హామ్ తరఫున, బాలాదేవి స్కాట్లాండులో రేంజర్స్ తరఫున ఆడారు. ఐరోపా క్లబ్బులలో చోటు సంపాదించిన కొద్దిమంది భారతీయ మహిళలలో సౌమ్య ఒకరు.

ఈస్ట్ బెంగాల్: స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత సౌమ్య ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరింది. 2024-25లో ఆంథోనీ ఆండ్రూస్ శిక్షణలో ఈ జట్టు మొదటిసారిగా ఇండియన్ ఉమెన్స్ లీగును గెలుచుకుంది. ఉగాండాకు చెందిన ఫాజిలా ఇక్వాపుట్ జట్టులో అత్యధికంగా గోల్స్ చేయగా, సౌమ్య 9 గోల్స్ సాధించింది. 2025 ఏప్రిల్‌లో, అంతకు ముందటి సంవత్సరపు విజేత ఒడిషా ఎఫ్.సి.పై 1-0 తేడాతో నెగ్గి ఈస్ట్ బెంగాల్ టైటిల్‌ను ఖాయం చేసుకుంది. ఆ మ్యాచులోని ఏకైక గోలు సౌమ్యదే.

జాతీయ జట్టులో

2022 సెప్టెంబరులో ఖాట్మండులో జరిగిన దక్షిణాసియా (సాఫ్) మహిళా ఛాంపియన్‌షిప్‌లో సౌమ్య భారత్ తరఫున ఆడింది. సెప్టెంబరు 7న పాకిస్తాన్‌పై భారత్ 3-0తో గెలిచిన మ్యాచులో ఆట ముగింపు వేళ మూడవ గోలు చేసింది. మాల్దీవులపై 9-0తో గెలిచిన మ్యాచులోనూ ఒక గోలు సాధించింది. అయితే, అంతకు ముందు జరిగిన ఐదు పోటీలలోనూ విజేతగా నిలిచిన భారత్, ఈసారి సెమీఫైనల్లో నేపాల్ చేతిలో 0-1తో ఓడిపోయింది.

2024 ఫిబ్రవరిలో తుర్కియేలో జరిగిన టర్కిష్ ఉమెన్స్ కప్‌లో భారత్ ద్వితీయ స్థానం పొందింది. ఇందులో హాంకాంగ్‌పై 2-0తో గెలిచిన మ్యాచులో రెండవ గోలు సౌమ్య చేసింది.

2025 జూన్, జూలై నెలలలో థాయిలాండులోని చియాంగ్ మాయ్ నగరంలో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. తొలి మ్యాచులో భారత్ మంగోలియాను 13-0తో ఓడించింది. ఇందులో సౌమ్య రెండు గోల్స్ చేసింది. తరువాత తిమోర్ లెస్తెపై 4-0తో, ఇరాక్‌పై 5-0తో గెలిచిన భారత్, జూలై 5న ఆతిథ్య జట్టు థాయిలాండును 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత పొందింది. చివరి మ్యాచులోని రెండు గోల్స్ సంగీతా బస్ఫోర్ చేసింది. 2022లో భారత్ ఆతిథ్య దేశంగా నేరుగా ఆసియా కప్‌లో ప్రవేశించినా, కోవిడ్ సోకడం వలన జట్టును బరిలో దింపలేక మధ్యలోనే వైదొలగింది. ఆ చేదు అనుభవం తరువాత అర్హత పోటీల ద్వారా వచ్చిన ఈ అవకాశానికి ప్రాముఖ్యం ఏర్పడింది.

పురస్కారం

2025 మే నెలలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 వార్షిక పురస్కారాలను ప్రదానం చేసింది. మహిళలలో సౌమ్య, పురుషులలో సుభాశిష్ బోస్ ఉత్తమ క్రీడాకారులుగా ఎంపికయ్యారు. సౌమ్యకు ముందు ఈ పురస్కారం పొందినవారిలో పంజాబుకు చెందిన మనీషా కల్యాణ్, తమిళనాడుకు చెందిన ఇందుమతి కదిరేశన్ ఉన్నారు.

ఆసియాలో భారత మహిళల స్థానం

2026 ఆసియా కప్ డ్రాలో భారత్‌కు జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ జట్లున్న విభాగం లభించింది. ఈ సందర్భంగా ఒక చారిత్రక విషయం గుర్తుచేసుకోదగినది. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళా పోటీలలో భారత్ ద్వితీయ స్థానం పొందింది. ఆనాటికి జపాన్ మహిళా జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచు కూడా ఆడలేదు. ఆ జట్టు 1981లో రంగప్రవేశం చేసింది. 1983లో భారత్ మరొకసారి ద్వితీయ స్థానంలో నిలిచింది.

ఆ తరువాత రెండు దేశాల దారులు వేరయ్యాయి. జపాన్ 1989లోనే మహిళల జాతీయ లీగును ప్రారంభించి, ఏటా నిర్వహిస్తూ వచ్చింది. 2011లో ప్రపంచ కప్ గెలుచుకుంది. 2021లో పూర్తిస్థాయి వృత్తి లీగును స్థాపించింది. భారత్‌లో జాతీయ లీగు రావడానికి 2016-17 వరకు వేచి ఉండవలసి వచ్చింది. జపాన్‌లో ఒక యువ క్రీడాకారిణికి పాఠశాల జట్టు నుండి క్లబ్బుకు, అక్కడి నుండి జాతీయ జట్టుకు మెట్లు సిద్ధంగా ఉంటాయి. సౌమ్య వంటివారు ఆ మెట్లను వేరు వేరు రాష్ట్రాలలో, విదేశంలో వెతుక్కోవలసి వచ్చింది.

ముఖ్య విజయాలు

* ఇండియన్ ఉమెన్స్ లీగు విజేత, 2024-25 (ఈస్ట్ బెంగాల్)
* టర్కిష్ ఉమెన్స్ కప్ ద్వితీయ స్థానం, 2024 (భారత్)
* అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి, 2024-25

ఇవి కూడా చూడండి

* సయ్యద్ అబ్దుల్ రహీం
* తులసీదాస్ బలరాం
* నిఖత్ జరీన్
* లాల్ బహదూర్ స్టేడియం