వందీ వర్మ: అంగారకుడి మీద రోవర్లు నడిపే ఇంజనీర్

వందన వర్మను అందరూ వందీ వర్మ అనే పిలుస్తారు. కాలిఫోర్నియాలోని నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో (జేపీఎల్) రోబోటిక్స్ ఇంజనీర్. స్పిరిట్, ఆపర్చునిటీ, క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లతో 2008 నుంచి పని చేస్తూ వచ్చారు.

చదువు

పంజాబ్‌లోని హల్వారాలో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో పైలట్. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేశారు. మన పిల్లలు ఈఈఈ అని తీసుకునే బ్రాంచే ఇది. తర్వాత అమెరికా వెళ్లి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 2005లో రోబోటిక్స్ పీహెచ్‌డీ పూర్తి చేశారు. రోబో తనలో వచ్చిన లోపాన్ని తానే ఎలా పట్టుకోవాలన్నదే ఆమె పరిశోధన. 2007లో జేపీఎల్‌లో చేరారు. రోబోలు, వ్యోమనౌకలు తమ పనులు తామే వరుసగా చేసుకునేందుకు వాడే ‘ప్లెక్సిల్’ అనే ప్రోగ్రామింగ్ భాష తయారీలోనూ ఆమె పాత్ర ఉంది.

రోవర్‌ను ఎలా నడుపుతారు?

రిమోట్ పట్టుకుని నడపడం కుదరదు. ఇక్కడి నుంచి పంపిన సిగ్నల్ అంగారకుడిని చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ముందు గుంత ఉందని ఫొటోలో చూసి ఆపమనేలోపు అందులో పడిపోవచ్చు. అందుకే రోజు మొత్తానికి కావాల్సిన ఆదేశాలు ముందే రాసి, కంప్యూటర్‌లో పరీక్షించి పంపుతారు. రోవర్ ఏం చేసిందో ఆ సమాచారం ఎక్కువగా అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాల ద్వారానే భూమికి చేరుతుంది.

పొరపాటు జరిగితే వెళ్లి సరిచేసేవాళ్లు ఉండరు. 2009లో స్పిరిట్ మెత్తటి మట్టిలో కూరుకుపోయింది. నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. 2010 మార్చి 22 తర్వాత దాని నుంచి మళ్లీ సమాచారం రాలేదు.

తనంతట తానే

పర్సెవరెన్స్ 2021 ఫిబ్రవరి 18న దిగింది. ఇది నడుస్తూనే ఫొటోలు తీసి, రాళ్లను గుర్తించి, దారి తానే ఎంచుకుంటుంది. మొదటి అంగారక సంవత్సరంలో అది తిరిగిన 17.7 కిలోమీటర్లలో 88 శాతం ఇలా సొంత తెలివితో చూసుకుని నడిచినదేనని వందీ వర్మ బృందం 2023లో ప్రచురించింది. మనిషి మధ్యలో చూడకుండా ఒకే విడతలో దాదాపు 700 మీటర్లు కూడా వెళ్లింది.

మన దగ్గర

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ చివరి నిమిషాల్లో తనంతట తానే దిగింది. ఇలాంటి పనుల మీద ఆసక్తి ఉన్న ఇంటర్ పిల్లలకు తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ ఒక దారి. అక్కడ బీటెక్ సీట్లు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఆధారంగా ఇస్తారు.