చాళ్లలో కోలాటపు చదువు

కామాఠీపురమను పేరు మనవారిని బట్టియే వచ్చినది. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు కట్ట ముగిసి పల్లపు నేలలు పూడిన పిదప, నైజాము తెలుగు సీమలనుండి కామాఠీలు రాళ్లు మోయుటకును గోడలు కట్టుటకును వచ్చి అచ్చట కాపురముండిరి. వారి వెంట వచ్చిన విద్యలలో కోలాటమొకటి. దానిని గూర్చి వ్రాయువారు పాటలను, పండుగలను చెప్పుదురు గాని నేర్పిన పద్ధతిని చెప్పరు. కూలివానికి చీలమండ బెణికినచో మరునాటి కూలి పోవును. కావున దెబ్బ తగులకుండ ఆడుటయే మన చాళ్లలో మొదటి పాఠము.

మా చిన్నతనమున, 1970 దశకమున, బతుకమ్మకు ముందు చాళు వాకిట పిల్లలను చేర్చుచుండిరి. గురువు మొదట కోలలు చేతికీయడు. కూర్చుండబెట్టి చప్పట్లతో లెక్క పలికించును. పిదప నిలువబెట్టి అడుగు. అది కుదిరిన తరువాతనే కోల. దానిని క్రింది కొనయొద్ద వదులుగా పట్టి పైభాగమున తాకింపవలెను. నడుమ తాకించినచో వ్రేళ్ల కణుపులు వాచును. ముఖమునకెదురుగా కోల త్రిప్పరాదు. లెక్క తప్పినవాడు వలయము వెలుపలికి తప్పుకొనవలెను. నిలిచిపోయినచో వెనుకవాడు వచ్చి మీద పడును.

వాకిటి బండలు గట్టివి, వానకు జారునవి. మోకాళ్లు కొంచెము వంచి ముంగాలిపై మెల్లగా దిగవలెననియు, చప్పుడు కోలదే గాని కాలిది కారాదనియు చెప్పుచుండిరి. పాటను నెమ్మదిగా ఎత్తుకొనుటలో అందమును కలదు, కండరములు వేడెక్కుటకు వ్యవధియు కలదు.

స్కాట్లండున జీన్ మిలిగన్ అను వ్యాయామోపాధ్యాయిని, ఇసోబెల్ స్టూవర్టు కలిసి 1923లో గ్లాస్గో నగరమున తమ పల్లె నృత్యములకొక సంఘము స్థాపించిరి. అచ్చటను జంటలు ఎదురెదురుగా నిలిచి, మెత్తని తోలు జోళ్లతో, ముంగాలిపైననే ఆడుదురు. వారు పుస్తకములు ప్రకటించి బోధకులకు పరీక్షలు పెట్టిరి. మన గురువుల పాఠము నోటనే నిలిచినది.

మన వాడుకలో ఒక్కటి మాత్రము మార్చవలసియున్నది. బెణికిన కాలిని వెంటనే వేడి నూనెతో తోముదుము. తొలి రెండు మూడు దినములు వేడిమియు మర్దనమును కూడవని వైద్యులు చెప్పుచున్నారు. ఆట మాని, చన్నీటి గుడ్డ చుట్టి, కాలిని దిండుపై ఎత్తి ఉంచవలెను. బరువు మోపలేనిచో ఎముక విరిగినదేమో చూపించుకొనవలెను.

1920 దశకమున కట్టిన వర్లీ బి.డి.డి. చాళ్ల స్థలమున ఎత్తైన మేడలు లేచినవి. 2025 ఆగస్టులో తొలి కుటుంబములు తాళపుచెవులు అందుకొన్నవి. అందు వాకిలి లేదు, నున్నని పలకల నేల కలదు. అట్టి నేలపై పిల్లలను మేజోళ్లతో ఆడనీయరాదు. వట్టి కాళ్లే మేలు.