చిలికా నీటి లెక్క

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

రంభ స్టేషన్ దాటాక రైలు కిటికీలోంచి కనిపించే నీళ్లు ఉప్పవా, మంచివా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. రెండూను. వానాకాలంలో దయ, భార్గవి వంటి మహానది పాయలు వచ్చి పడితే చిలికా ఉత్తరం వైపు దాదాపు మంచినీరైపోతుంది. ఎండాకాలంలో సముద్రపు పోటుకు ఉప్పెక్కుతుంది.

ఈ మార్పును శాస్త్రపద్ధతిలో మొదట పరిశీలించినవారు ఇండియన్ మ్యూజియంకు చెందిన అన్నండేల్, కెంప్. వారి సర్వే 1915 నుంచి అచ్చయింది. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936 దాకా. అంటే ఒకే సరస్సు, రెండు సర్కార్లు!

మన గోపాల్‌పూర్ ఒడ్డున ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఎలా నడుస్తుందో తెలుసు కదా. ఆ ఇసుకే చిలికా ముఖాన్ని దూరంగా నెట్టి పూడ్చింది. ఉప్పు తగ్గింది, కలుపు అల్లుకుంది, చేప పోయింది. 1981లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రో జాబితాలో పడింది.

రైల్వేలో రిజిస్టర్లు నింపినవాళ్లం కాబట్టి మాకు నచ్చిన ముచ్చట ఇక్కడుంది. చిలికా అభివృద్ధి సంస్థ నీటి ఉప్పు, ప్రవాహం కొలిపించి, పూణే, గోవా శాస్త్రజ్ఞుల లెక్కలు చూసుకునే 2000 సెప్టెంబరు 23న కొత్త ముఖం తవ్వింది. 1999-2000లో 1,700 టన్నుల పైచిలుకున్న చేపల రాబడి 2001-02లో 11,000 దాటింది. 2002లో సరస్సు పేరు మాంట్రో జాబితా నుంచి తీసేశారు. ఇప్పటికీ నెలనెలా నీళ్లు పట్టి ఉప్పు, ఆమ్లత్వం, కరిగిన ఆక్సిజన్ చూస్తున్నారు. ఒక నెల ఖాళీ వదిలితే ఏమవుతుందో గుమాస్తాలకు చెప్పక్కర్లేదు.

అయితే ఆ చేప ఎవరి వలలో పడిందన్నది వేరే లెక్క. కేవుటలు, కండరలు, మన నోలియాలు తరతరాలుగా పట్టిన నీళ్లలో రొయ్యల ఘేరీలు లేచాయి. చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు వద్దని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు అంది. కూల్చడం, మళ్లీ కట్టడం నడుస్తూనే ఉంది. పోయిన వేసవిలో మేము పడవెక్కినప్పుడు వెదురు గుంజలు, వలలు నీళ్లలో అలాగే నిలబడి ఉన్నాయి. పడవ నడిపే పెద్దాయన వాటిని తప్పించి, చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు.