మన వంశాల వ్రాతలు

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. 1953లో కాలువకు నీరు వదిలారు. ఎడమ కాలువ క్రింది నల్లరేగడిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి మన పెద్దలు సింధనూరు తాలూకాకు తరలివచ్చి క్యాంపులు వేసికొన్నారు. తుర్విహాళ ప్రాంతపు తెలుగు కుటుంబాల కథ ఇదే. ఎవరు ఏ ఊరి నుండి, ఎవరి వెంట వచ్చారో చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

1681లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు అమెరికాలోని పెన్సిల్వేనియాను విలియం పెన్నుకు ఇచ్చాడు. అక్కడ చేరిన క్వేకరులు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు తమ నెలసరి సభల పుస్తకాలలో వ్రాసికొన్నారు. పెళ్లిపత్రం మీద వచ్చినవారందరూ సాక్షులుగా చేవ్రాలు చేసేవారు. ఊరు మారినవారు పాత సభ ఇచ్చిన పత్రాన్ని కొత్త సభకు చూపేవారు. అందుచేతనే వారి సంతతివారిలో అనేకులు మూడువందల ఏండ్లనాటి తాతలను పేరు పేరునా ఎరుగుదురు.

మనకు అట్టి ఆధారాలు లేవనుకోరాదు. క్రయదస్తావేజులో కొన్నవారి తండ్రి పేరు, నివాసం ఉంటాయి. పహాణీలో భూమి చేతులు మారిన వైనం తెలుస్తుంది. అన్నిటికన్న మేలైనది పెళ్లినాటి చదివింపుల పుస్తకం. బంధువుల ఇంటిపేర్లూ ఊళ్లూ ఒకేచోట దొరుకుతాయి. 1956 నవంబరు 1 వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనిది గనుక, పాత కాగితాలు ఉర్దూలో ఉంటే తెలిసినవారిచేత చదివించుకోవాలి.

అయితే గంజి కాచి, నాట్లు వేసి ఈ క్యాంపులను నిలిపిన మన తల్లుల పేర్లు దస్తావేజులలో అరుదు. వాటిని నోటనే అడిగి తెలిసికోవాలి. కనుక ఈ ఉగాదినాడు ప్రతి ఇంటా ఒక నోటుపుస్తకం తెరిచి, ఇంటిపేరు, స్వగ్రామం, అమ్మమ్మల, నాయనమ్మల పుట్టిళ్లు వ్రాయవలసిందని మా మనవి. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకుంటే కన్నడంలోనైనా వ్రాయించండి.