గ్లామర్: వ్యాకరణం నుంచి వెండితెర దాకా

సినిమా పత్రికల ద్వారా తెలుగులో పాతుకుపోయిన ‘గ్లామర్’ అనే మాటకు మూలం వ్యాకరణమనే అర్థమిచ్చే ‘గ్రామర్’. అక్షరాన్ని సూచించే గ్రీకు పదం నుంచి పుట్టిన ‘గ్రామర్’ మధ్యయుగపు ఐరోపాలో లాటిన్ విద్య మొత్తానికీ వర్తించేది. ఆ విద్యలో మంత్రతంత్రాలు కూడా ఉంటాయని పామరులు నమ్మడం వల్ల, స్కాట్లండ్ పలుకుబడిలో దాని రూపం ‘గ్లామర్’గా మారి, 18వ శతాబ్దిలో కనికట్టు, అనగా ఉన్నదాన్ని మరోలా చూపే మాయ, అనే అర్థంలో వాడుకకు వచ్చింది. దానికి సాహిత్యంలో ప్రాచుర్యం కల్పించినవాడు రచయిత వాల్టర్ స్కాట్.

1930లలో హాలీవుడ్ తన తారల ఆకర్షణకు ఈ మాటనే పేరుగా పెట్టుకుంది. దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’ (1932)లో నటి మార్లీన్ డీట్రిచ్ ముఖంపై ఎదుటి నుంచి, బాగా ఎత్తున అమర్చిన దీపపు వెలుగు పడేలా చేయగా, ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ ఏర్పడి చెక్కిళ్ల ఎముకలు తీర్చినట్టు కనిపించాయి. జార్జ్ హరెల్ తీసిన నటి జోన్ క్రాఫర్డ్ ఛాయాచిత్రాల్లోనైతే ఆమె ముఖం మీది చిన్న మచ్చలు నెగటివ్‌పై పెన్సిలు దిద్దుబాటుతో మాయమయ్యేవి. ఆ విధంగా పాత అర్థంలోని కనికట్టు కొత్త అర్థంలోనూ కొనసాగింది.

తెలుగు సినీ రచనలో ‘గ్లామర్ పాత్ర’ అంటే అందచందాలకే ప్రాధాన్యమున్న పాత్ర అనీ, ‘డీగ్లామర్ పాత్ర’ అంటే అలంకరణ తగ్గించి నటనకు పెద్దపీట వేసినదనీ రూఢి అయింది.