పాత బుల్‌డాగ్‌కు పునర్జన్మ

బుల్‌డాగ్ అనగానే ముడతల ముఖం, చప్పిడి ముక్కు, వంకర కాళ్ళు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే కుక్క మన కళ్ళ ముందు మెదులుతుంది. అయితే దాని పూర్వీకులు ఇలా ఉండేవి కావు.

ఇంగ్లీషులో ‘బుల్’ అంటే ఆంబోతు. పూర్వం ఇంగ్లండులో ఆంబోతును గుంజకు కట్టి, దాని మీదికి కుక్కలను ఉసిగొల్పి, జనం వినోదం చూసేవారు. కుక్క నేలకు నక్కి వెళ్ళి, ఆంబోతు ముక్కును కరచి పట్టుకుని వేలాడాలి. అందుకు చురుకుదనం, దమ్ము, గట్టి దవడ కావాలి. ఆ పని కోసమే పెంచిన జాతి బుల్‌డాగ్.

ఈ క్రూర క్రీడను బ్రిటిష్ పార్లమెంటు 1835లో చట్టం చేసి నిషేధించింది. ఒక విధంగా అది బుల్‌డాగ్‌కు అందిన పదవీ విరమణ ఉత్తర్వు! పని పోయిన కుక్క క్రమంగా ప్రదర్శనల పాలయింది. తల ఎంత పెద్దదైతే, ముక్కు ఎంత చప్పిడిదైతే అంత గొప్ప అనుకున్నారు. ఫలితంగా ఊపిరి కష్టమైంది. పిల్లల తలలు పెద్దవై, చాలా కుక్కలకు సిజేరియన్ తప్పనిసరి అయింది. ఈ జాతిలో జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోయిందని 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ (డేవిస్) శాస్త్రజ్ఞులు తేల్చారు. తరతరాల మేనరికాల గురించి మన డాక్టర్లు హెచ్చరించేది కూడా ఇటువంటి ముప్పు గురించే.

ఈ పరిస్థితిని చక్కదిద్దాలని 1971లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన డేవిడ్ లెవిట్ పూనుకున్నారు. పశువుల పెంపకం కోసం ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతిని ఆయన కుక్కలకు వర్తింపజేశారు. సగం పాలు ఇంగ్లీషు బుల్‌డాగ్, మిగతా సగంలో బుల్‌మాస్టిఫ్, పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ బుల్‌డాగ్ తలా ఆరోవంతు కలిపి కొత్త జాతిని తయారుచేశారు. దాని పేరు ఓల్డ్ ఇంగ్లీష్ బుల్‌డాగ్. పాత రూపం, పాత దమ్ము తిరిగి రావాలి. పాత క్రౌర్యం మాత్రం రాకూడదు. ఇదీ ఆయన సంకల్పం.

మగ కుక్క సుమారు 27 నుంచి 36 కిలోల బరువు తూగుతుంది. ఛాతీ విశాలం, ఒళ్ళు కండపట్టినది, మూతి మామూలు బుల్‌డాగ్ కన్నా కాస్త పొడవు. ధైర్యం, యజమాని పట్ల విశ్వాసం దీని సుగుణాలు. సహజంగా ఈనగలగాలన్నది పెంపకందారుల ముఖ్య లక్ష్యాలలో ఒకటి. అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్ 2014లో ఈ జాతికి గుర్తింపునిచ్చింది. అయినా ఇది నేటికీ అరుదైన జాతే.

మనవలు ముచ్చటపడ్డారని బుల్‌డాగ్ పిల్లను కొనాలనుకునే మిత్రులకు ఒక్క మాట. చప్పిడి ముక్కు కుక్కలు మన ఎండలకు తట్టుకోలేవు. జాతి పేరు, ధర అడిగే ముందు తల్లిదండ్రులను చూడండి. అవి హాయిగా నడవగలవా, గురక లేకుండా ఊపిరి తీయగలవా గమనించండి. మన కంటికి ముచ్చట కోసం నోరులేని జీవి ఊపిరిని తాకట్టు పెట్టరాదన్నదే ఈ జాతి చరిత్ర మనకు నేర్పే పాఠం.